నూట ఎనభై ఏడున్నర

ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో కాలేజీల పేర్లు అరుస్తున్నాను
పెరంబూరు నుంచి బెసంట్ నగర్ దాకా,
అరవంలో అరిచి, తెలుగులో చిల్లర లెక్కపెట్టుకుంటూ.
ఒక్కదాంట్లోనూ దిగలేదు.
ఏ గేటుకి ఎంత టికెట్టో నిద్రలో లేపినా చెబుతాను.
గేటు లోపల ఎంతో తెలీదు.

మా వకుళ కటాఫ్ నూట ఎనభై ఏడున్నర.
మంగతాయారు ఆ అంకెని పాలవాడికి కూడా చెప్పింది.
నా కళ్ళు మాత్రం ఆ అర దగ్గరే ఆగిపోయాయి.
అర మార్కంటే నాకు తెలుసు:
పొద్దున ఎనిమిదింటికి ఫుట్‌బోర్డు మీద
ఒక మడమకి సరిపడా చోటు.
ఎక్కినవాడు లోపల ఖాళీ లేదంటాడు.
కింద పరిగెత్తేవాడు ఇంకా బోలెడుందంటాడు.
ఎక్కిన మరుక్షణం వాడూ మాట మారుస్తాడు.

నాకు సెలవు దొరికిన రోజు ఇద్దరం బయల్దేరాం.
నోటుబుక్కులో గళ్ళు గీసుకున్నాను
ఎన్ని బస్సులు మారాలి, ఫీజెంత, ఉద్యోగాలెన్ని.
దానికి పుస్తకం లేదు. ఊరికే నడిచింది.

తాంబరం అవతల అద్దాల బిల్డింగు.
ఆఫీసులో ఒకాయన నాకు బాదం పాలిచ్చాడు.
నా జన్మలో ఏ ఆఫీసులోనూ
ఎవరూ నన్ను కూర్చోమనను కూడా లేదు.
పడిపోయాను.
పిల్ల మెట్ల దగ్గర ఆగింది.
ఆడపిల్లలకి ఎడమ మెట్లు, మగపిల్లలకి కుడి మెట్లు.
"పైకెళ్ళాక క్లాసు ఒకటేనా సార్?" అనడిగింది.
బాదం పాలాయన నవ్వలేదు.

ఇంకోటి మా రూట్లోనే, పాత సర్కారు కాలేజీ.
పెచ్చులూడిన గోడలు, గడియ లేని బాత్రూము తలుపు,
పోయిన గొడుగు కోసం నోటీసు బోర్డు మీద ఓ విన్నపం.
నేను మూడో గడిలో సున్నా వేయబోతున్నాను.
సైకిల్ స్టాండు గోడ మీద
ఎవరో బొగ్గుతో ఒక లెక్క మొదలుపెట్టి వదిలేశారు.
దాని కింద వేరే చేతిరాత దాన్ని పూర్తి చేసింది.
ఆ కింద మూడో చేతిరాత: తప్పు.
అరవంలోనూ తెలుగులోనూ అదొకటే మాట.
వకుళ అక్కడ పావుగంట నిలబడింది ఎండలో.
తర్వాత నా చెవి మీది పెన్ను లాక్కుంది.

పోయినేడు ఆ కాలేజీ తలుపు
నూట ఎనభై ఎనిమిది దగ్గర మూసుకుందట.

బ్రౌజింగ్ సెంటర్లో రాత్రి పదకొండు, మా వెనక ఇంకా క్యూ.
మొదటి వరసలో ఆ గోడనే పెట్టింది.
రెండోది కొరట్టూరు వైపు, నా బస్సు వెళ్ళని చోటు.
"మన రూట్లో ఇంకా రెండున్నాయి కదమ్మా,
ఆడవాళ్ళకి సున్నా టికెట్టు, రోజూ నేనే చించిస్తాను" అన్నాను.
"అందుకే వద్దు నాన్నా" అంది, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.
సెంటర్ కుర్రాడు నా వైపు చూసి
ఫ్యాను స్పీడు పెంచాడు.

రెండోదే వచ్చింది.

ఇప్పుడు ఆ సర్కారు కాలేజీ స్టాపులో
విజిల్ ఒక్క ఊపిరి ఆలస్యంగా ఊదుతున్నాను.
డ్రైవరు ఎబినేజరు అద్దంలోంచి చూస్తాడు, ఏమీ అనడు.
దిగే పిల్లల్లో ఎవరిదో ఆ మూడో చేతిరాత.

కొరట్టూరు కాలేజీ గోడలన్నీ కొత్త సున్నం.
చేరిన వారానికే క్యాంటీను వెనక
పెన్సిలుతో ఒక లెక్క రాసి సగంలో వదిలేసిందట.
నెల దాటింది. ఎవరూ ముట్టుకోలేదు.
"ఇక్కడ అందరూ మంచివాళ్ళు నాన్నా" అంటుంది
అదేదో జబ్బు పేరు చెప్పినట్టు.

నిన్న రాత్రి నేను డ్యూటీ దిగొచ్చేసరికి
అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది, తినడంలేదు.
ఎవరో పూర్తి చేశారట.
దాని కింద ఇంకెవరో, ఎర్ర ఇంకుతో, తప్పు అని రాశారట.
ఆ మొహం చూడాలి మీరు.